కడుపుతో ప్రయాణం: ఎవరిని అడగాలి?

(స్త్రీల ఆరోగ్య హక్కులపై జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పునరుత్పత్తి హక్కుల మీద మాట్లాడమన్నారు. సిద్ధాంతం జోలికి ఎక్కువ పోను. రెండు నెలలుగా నేను వేసుకుంటున్న ఒక ప్రయాణపు లెక్క మీ ముందు పెడతాను. నాకు నలభై ఒక్క ఏళ్లు. ఇవాళ్టికి 17 వారాల గర్భం. సెప్టెంబరు 22న యూరప్ వెళ్లి అక్టోబరు 6న తిరిగి రావాలని అనుకున్నాను. వియన్నాలో సదస్సు, వార్సాలో ఒక ఉపన్యాసం, చివర నాలుగు రోజులు పారిస్‌లో ఊరికే తిరగడం. ఆ 'ఊరికే' అన్న మాటే మా ఇంట్లో ఎవరికీ మింగుడుపడలేదు. సదస్సయితే సరే, ఉద్యోగం. కడుపుతో ఉన్నామెకు షికారేమిటి?

గర్భవతి భర్త సముద్రం దాటకూడదని మనవాళ్లలో ఒక ఆచారం ఉంది. భార్య దాటుతుందేమోనని ఎవరూ ఊహించినట్టు లేదు. అదే తొలి కాన్పుకు పుట్టింటికి పంపేటప్పుడు, ఏడో నెలైనా తొమ్మిదో నెలైనా, గతుకుల రోడ్డు మీద బస్సులో కుదిపి తీసుకెళ్లడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. పాలమూరు నుంచి పనికి వలసపోయే గర్భిణిని ఆగమని మేస్త్రీ అనడు, ఆగితే ఆమెకు కూలి పోతుంది. అంటే మన అభ్యంతరం ప్రయాణానికి కాదు, స్త్రీ తన ఇష్టంతో చేసే ప్రయాణానికి.

వైద్యపరంగా చెప్పవలసింది తక్కువే. ఇబ్బందులు లేని గర్భానికి నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా ప్రయాణం అనుకూలం. చాలా విమాన సంస్థలు 28 వారాలు దాటితే డాక్టరు సర్టిఫికెట్ అడుగుతాయి, 36 దాటితే ఎక్కనివ్వవు. కవలలైతే ఆ గడువు ఇంకా ముందే. తిరుగు ప్రయాణం తేదీకి కూడా లెక్క చూసుకోవాలి. గంటల తరబడి కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం గర్భిణులకు ఎక్కువ కనుక మధ్య మధ్య లేచి నడవాలి, నీళ్లు తాగాలి. ఇవన్నీ డాక్టరుగారు చక్కగా వివరించారు. అడిగింది నేను, జవాబు మాత్రం నా సహచరుడి వైపు చూసి చెప్పారు.

ఇన్సూరెన్స్ దగ్గర అసలు కథ మొదలైంది. షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా ఉండాలి. పాలసీ కొన్నాం కదా అని ధీమాగా ఉంటాం. సన్నటి అక్షరాలు చదివితే చాలా పాలసీల్లో గర్భానికీ కాన్పుకీ సంబంధించిన ఖర్చు మినహాయింపుల జాబితాలో ఉంటుంది. కొన్ని ప్రాణాపాయం వస్తేనే ఇస్తాయి, అదీ ఫలానా వారం లోపు. "మేడమ్, ప్రెగ్నెన్సీ అని రాయకండి, పాలసీ వచ్చేస్తుంది" అన్నాడు ఏజెంటు. పాలసీ వస్తుంది, డబ్బు రాదు. నెలలు నిండని బిడ్డ అక్కడ పుడితే ఆ ఐసీయూ ఖర్చు ఎవరిదని అడిగితే, ఆ ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నాడు. రాతపూర్వకంగా జవాబు ఇచ్చిన సంస్థ దగ్గరే తీసుకున్నాను, ధర దాదాపు రెట్టింపు. గర్భిణి కావడానికి అది జరిమానా అనుకోండి.

ఇక ఎవరూ చెప్పని సంగతి చట్టం. మనకు 1971 నుంచి వైద్య గర్భస్రావ చట్టం ఉంది, యూరప్ మనకంటే ముందుంటుందని అనుకుంటాం. సవితా హలప్పనవర్ మన పక్క రాష్ట్రం బెళగావి అమ్మాయి, దంతవైద్యురాలు. 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. ఆమెకు అప్పుడు 17వ వారం. గర్భం నిలవదని తేలింది. అబార్షన్ చేయమని ఆమే అడిగింది. పిండం గుండె కొట్టుకుంటోందని నిరాకరించారు. అక్టోబరు 28న సెప్సిస్‌తో చనిపోయింది. 2018 మే 25 రెఫరెండంలో ఐర్లండ్ ప్రజలు ఆ రాజ్యాంగ నిబంధనను తీసేశారు. 2022 జూన్‌లో మాల్టాకు విహారానికి వెళ్లిన అమెరికన్ స్త్రీకి 16వ వారంలో ఉమ్మనీరు పోయింది. అక్కడ అబార్షన్ చేయలేదు, విమానంలో స్పెయిన్‌కు తరలించాల్సి వచ్చింది.

నేను వెళ్లవలసిన పోలండ్‌లో, పిండంలో తీవ్ర లోపాలుంటే ఉన్న అవకాశాన్ని 2020 అక్టోబరులో రాజ్యాంగ ట్రిబ్యునల్ తీసేసింది. తల్లి ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పుంటే చేయవచ్చని కాగితం మీద ఉంది. కానీ 2021 సెప్టెంబరులో 22వ వారంలో ఉమ్మనీరు పోయిన ముప్పయ్యేళ్ల స్త్రీ విషయంలో, పిండం గుండె ఆగేదాకా వైద్యులు వేచి ఉన్నారు. ఆమె బతకలేదు. నేను వార్సాలో ఉండబోయేది సరిగ్గా 23, 24 వారాల్లో.

అక్కడ నాకేదో జరిగి తీరుతుందని కాదు. వేలమంది గర్భిణులు హాయిగా వెళ్లివస్తారు. జరిగితే మంచం పక్కన నిలబడే వైద్యుడు ముందు నన్ను చూస్తాడా, జైలును చూస్తాడా అన్నదే నా లెక్క. వియన్నా, పారిస్ ఉంచుకున్నాను. ఫ్రాన్స్ 2024 మార్చిలో అబార్షన్ స్వేచ్ఛను రాజ్యాంగంలోనే చేర్చింది.

వార్సా ఉపన్యాసం వీడియోలో ఇస్తానని నిర్వాహకులకు రాశాను. 'వ్యక్తిగత కారణాలు' అని రాస్తే మర్యాదగా ఉంటుందని ఒక మిత్రురాలు సలహా ఇచ్చింది. నేను ఎన్నో వారమో రాశాను, మీ చట్టం కారణంగా రావడం లేదని రాశాను. ఆ ఉత్తరాన్ని సభలో చదవడానికి అనుమతి ఇస్తారా అని వాళ్లు అడిగారు. ఇచ్చాను.