పండు మనకు, మాంసం పిల్లికి

సౌదీలో పని ముగించుకుని గదికి చేరే మనవాళ్లకు అందుబాటులో ఉన్న బలం ఖర్జూరం. 2018లో యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించిన అల్ అహ్సా ఒయాసిస్‌లో ఆ చెట్లు సుమారు 25 లక్షలు! పండులో యాంటీఆక్సిడెంట్లైన పాలీఫినాల్స్, పీచు, పొటాషియం ఉన్నాయి. చక్కెరా ఎక్కువే, షుగరున్నవాళ్లు లెక్కపెట్టుకుని తినండి.

గుమ్మం దగ్గరికొచ్చే పిల్లికి మాత్రం పండెందుకు? దాని నాలుకకు తీపే తెలియదు. విటమిన్ సి దాని కాలేయమే తయారుచేసుకుంటుంది. దానికి కావలసింది మాంసంలోని టారిన్ అనే పోషకం.

ఇది మాత్రం గట్టిగా చెప్పాలి. మనకు యాంటీఆక్సిడెంట్లిచ్చే ఉల్లిపాయే పిల్లికీ, కుక్కకీ విషం. వాటి ఎర్ర రక్తకణాలను ఆక్సీకరించి పగలగొడుతుంది. ఉల్లి వేసి వండిన కబ్సా అన్నం మిగిలితే వాటికి వేయకండి. ఎముకలు తీసిన చప్పిడి కోడిమాంసం ఉడికించి పెట్టండి, పక్కన గిన్నెడు నీళ్లతో.