జమ్ముకు నిప్పు పెట్టిన రోజు



అమెరికా వెళ్ళివచ్చిన ప్రతివాణ్ణీ ఇక్కడ నిలబెట్టి మాట్లాడించడం మన సంఘంలో ఆనవాయితీ అయిపోయింది. నయాగరా గురించి మీరు ఇప్పటికే నాలుగుసార్లు విన్నారు. నేనొక బురదనేల గురించి చెబుతాను.

2023 ఏప్రిల్‌లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మా అమ్మాయి దగ్గర ఉన్నాను. ఆ రాష్ట్రంలో హోరికాన్ అనే చిత్తడినేల ఉంది. సుమారు 33 వేల ఎకరాలు. ఉత్తరభాగం 1941 నుంచి కేంద్ర ప్రభుత్వపు వన్యప్రాణి ఆశ్రయం, దక్షిణభాగం రాష్ట్ర ప్రభుత్వానిది. ఒక ఉదయం మా అల్లుడుగారు నా మెడలో బైనాక్యులర్స్ వేసి, మనవరాలిని కూడా ఎక్కించుకుని, 49వ నంబరు రహదారి పక్కన దింపారు.

దిగి చూద్దును కదా, అంతా జమ్ము! మధ్యమధ్య కిక్కిస. కొల్లేరు పక్కన పుట్టినవాణ్ణి, నాకెవరూ చెప్పనక్కరలేదు. పక్షులు మాత్రం వేరు. శాండ్‌హిల్ క్రేన్ అని ఒకటుంది. మన కొంగకన్నా బాగా పెద్దది. బూడిదరంగు ఒళ్ళు, నుదుట కుంకుమ పులిమినట్టు ఎరుపు. అరిస్తే ఎక్కడో కొమ్ము ఊదినట్టుంటుంది. 1930ల్లో ఆ రాష్ట్రం మొత్తానికి పాతిక జంటలే మిగిలాయట. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి.

పది గంటలయ్యేసరికి దూరాన పొగ లేచింది. పసుపుపచ్చ చొక్కాల వాళ్ళు కొందరు, చేతిలో ముక్కు ఉన్న డబ్బాలతో మండే నూనె చుక్కలుగా కారుస్తూ, జమ్ముకు నిప్పు పెడుతున్నారు. ప్రభుత్వోద్యోగులే! మనవరాలు నా చెయ్యి పట్టుకుని, "తాతయ్యా, పక్షులు చచ్చిపోవూ?" అంది.

రోడ్డు మీద కార్లను హెచ్చరించడానికి నిలబడ్డ ఉద్యోగిని అల్లుడుగారి చేత అడిగించాను. నేనూ ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగా చేశానని తెలిసి కాబోలు, ఆయన కాగితాలు చూపించాడు. గాలి ఎటు, ఎంత వేగం, తేమ ఎంత, పొగ ఎటు పోతుంది, నీళ్ళ బండ్లు ఎన్ని, అన్నీ రాసి ఉన్నాయి. చివర ఒక ప్రశ్నల పట్టిక. ఒక్కదానికి "కాదు" అని జవాబు వచ్చినా ఆ రోజు అగ్గిపుల్ల గీయకూడదు. అన్నీ సరిపోతే సంతకం. ఆ తర్వాత కూడా ముందు చిన్న మంట పెట్టి చూస్తారు. అప్పుడు గాలికి ఎదురుగా నెమ్మదిగా ఒక పట్టీ కాల్చి, ఆ నల్లటి హద్దు మీదకు మిగతా మంటను తోలతారు.

ఎండిన పాత జమ్ము పేరుకుని మడుగులు మూసుకుపోతాయి. అందుకని చాలా పక్షులు గూళ్ళు కట్టకముందే, కింద నేల నీళ్ళతో నానివున్నప్పుడే కాలుస్తారు. నేల తడిగా ఉండటమే ఇక్కడ ప్రాణం. ఆ నేల కుళ్ళిన మొక్కలతో ఏర్పడింది. 1910 తర్వాత కాలువలు తవ్వి, నీరు తీసేసి, సేద్యం చేయబోయారు. పంట సరిగ్గా దక్కలేదు. ఎండిన నేలకే నిప్పు అంటుకుంది. అలాంటి మంట లోపలికి దిగితే నెలల తరబడి రగులుతుంది. 1930ల్లో ఆనకట్ట కట్టి మళ్ళీ నీరు నిలిపారు.

"తొందరపడి ముందే గుడ్లు పెట్టిన ఒకటీ అరా గూళ్ళు పోవచ్చు. చాలావరకు మళ్ళీ పెట్టుకుంటాయి" అన్నాడాయన, దాచకుండా. మనవరాలికి అది నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చిందని చెప్పను.

మంట అంచున ఒక గద్ద తిరుగుతూ, బయటికి ఉరికే ఎలుకల కోసం చూస్తోంది. మన చేలల్లో మోళ్ళు కాల్చినప్పుడు పసలపోలిగాళ్ళు పురుగుల కోసం చేరవూ, అలాగే. మూడు గంటలకు పొగ తగ్గింది. ఇంకా వెచ్చగా ఉన్న బూడిదలో రెండు క్రేన్లు దిగి, ఏదో ఏరుకు తింటూ నడిచాయి.

వాటిని చూస్తుంటే నాకు 1984 నాటి ఫైలు గుర్తొచ్చింది. అప్పుడు నేను పనిచేసే కార్యాలయానికి కొల్లేరు పక్క పల్లె నుంచి ఒక అర్జీ వచ్చింది. చేపల చెరువు కోసం ఎవరో రాత్రికి రాత్రి జమ్ముకు నిప్పు పెట్టారనీ, ఎర్ర నారాయణ పక్షుల పిల్లలు గూళ్ళలోనే మాడిపోయాయనీ, విచారించమనీ. ఆ నిప్పుకు పట్టికా లేదు, సంతకమూ లేదు. నేను "తగు చర్య నిమిత్తం" అని రాసి ఇంకో కార్యాలయానికి పంపాను. "మాకు సంబంధించినది కాదు" అని తిరిగొచ్చింది. మళ్ళీ పంపాను, మళ్ళీ వచ్చింది. ఏడాది చివర పెండింగు జాబితా తగ్గించాలన్నారు. ఎల్.డిస్. అని రాసి రికార్డు గదికి పంపేశాను. ఆ ఎల్.డిస్. అంటే ఏమిటో మీకు విప్పి చెప్పనక్కరలేదు. పల్లె మాకు పది మైళ్ళే. సైకిలు మీద వెళ్ళి చూసి రావచ్చు. వెళ్ళలేదు.

ఆ రాత్రి అమ్మాయి ఇంట్లో మనవరాలు బూడిదలో నడిచే క్రేన్ల బొమ్మ వేసింది. ఆ బొమ్మ తెచ్చాను, అటు బల్ల మీద పెట్టాను, చూడండి.

అర్జీ మీద తొమ్మిది సంతకాలు, పదమూడు వేలిముద్రలు ఉన్నాయి. లెక్కపెట్టి నోట్‌ఫైలులో రాసింది నేనే.