సగ చూసినట్టే రక్తమూ చూద్దాం
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగం)

 

మన చరిత్ర, మన భాష గురించి పెద్దలు ఇప్పటికే చక్కగా చెప్పారు. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. నాకు తెలిసింది రక్తపరీక్ష. కాబట్టి మన రక్తం గురించే నాలుగు మాటలు చెప్తాను.

కొన్నేళ్ల కింద ఒక తల్లి పదేళ్ల కొడుకును మా ల్యాబ్‌కు తీసుకొచ్చింది. చలికాలం వస్తే చాలు, మోకాళ్లు, చేతులు నొప్పులని రాత్రంతా ఏడుస్తాడట. కళ్లు పచ్చబడితే కామెర్లని పసరు పోయించారు. రక్తం తక్కువుందని ఎన్నో నెలలు ఐరన్ మాత్రలు వేశారు. ఏదీ పనిచేయలేదు. బడి మానేశాడు. "వీడికి బద్ధకం" అన్నవాళ్లూ ఉన్నారు.

ఆ రోజు ఒక రక్తపు చుక్కను గాజు పలక మీద పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. మంచి ఎర్రకణం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. ఆ బాబు రక్తంలో చాలా కణాలు కొడవలిలా వంగి కనిపించాయి. అదే సికిల్ సెల్ జబ్బు. వంగిన కణాలు సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయి, అందుకే నొప్పి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే, ఇవి 10 నుంచి 20 రోజుల్లోనే పగిలిపోతాయి. అందుకే రక్తం తగ్గుతుంది, కళ్లు పచ్చబడతాయి. ఇన్నాళ్ల మూడు బాధలకూ కారణం ఒక్కటే అని ఆ రోజు తెలిసింది.

అప్పుడు ఆ తల్లి అడిగింది: "నా వల్లేనా?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాను.

కాదు. తల్లి ఒక్కదాని వల్ల ఈ జబ్బు రాదు. బిడ్డకు తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒక జన్యువు వస్తాయి. రెండు వైపుల నుంచీ సికిల్ జన్యువు వస్తేనే ఈ జబ్బు. ఒక్క వైపు నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు, అంటే క్యారియర్. క్యారియర్ రోగి కాదు. పొలం దున్నుతాడు, ఆటలాడుతాడు, అందరిలాగే బతుకుతాడు. రక్తపరీక్ష చేస్తే తప్ప ఆ సంగతి ఆయనకే తెలియదు.

ఇది శాపమూ కాదు. సికిల్ జన్యువు ఒకటే ఉన్న పిల్లలకు ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. మలేరియా ఉన్న అడవి ప్రాంతాల్లో తరతరాలుగా ఈ జన్యువు నిలిచిపోవడానికి కారణం అదే. ఆఫ్రికాలో, అరబ్బు దేశాల్లో కూడా ఇది ఉంది. మన దేశంలో 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో మొదట గుర్తించారు.

ఇక పరీక్ష సంగతి. గూడెంలో క్యాంపు పెట్టినప్పుడు ముందుగా చేసేది సొల్యుబిలిటీ పరీక్ష. వేలి చివర రెండు చుక్కల రక్తం తీసి మందునీళ్లలో కలుపుతారు. అది మసకబారితే సికిల్ ఉన్నట్టు. కానీ క్యారియరా, రోగా అన్నది దీంతో తేలదు. అందుకు హెచ్‌పీఎల్‌సీ గానీ, ఎలక్ట్రోఫోరెసిస్ గానీ చేయాలి. "మసకబారింది" అన్న మాటతోనే భయపడి ఇంటికి పోకండి, రెండో పరీక్ష దాకా ఆగండి. ఆరు నెలల లోపు పసిపిల్లలకు మొదటి పరీక్షను నమ్మలేం. ఈ మధ్య రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

జబ్బు పేరు తెలిశాక కూడా ల్యాబ్ పని అయిపోదు. ఆ బాబుకు డాక్టరు హైడ్రాక్సీయూరియా మొదలుపెట్టారు. ఆ మందు నొప్పులను తగ్గిస్తుంది. కానీ మోతాదు ఎక్కువైతే తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే డాక్టరు చెప్పిన తేదీకి రక్తం ఇవ్వాల్సిందే. కాలేయం, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో కూడా అప్పుడప్పుడు చూస్తారు. నొప్పి తగ్గింది కదా అని పరీక్ష మానేస్తే, కళ్లు మూసుకుని బండి నడిపినట్టే.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, అసలు మాట ఇప్పుడు చెప్తాను. మనం పెళ్లికి ముందు సగ చూస్తాం. నాలుగు, ఐదు, ఆరు, ఏడు సగల లెక్క మన పెద్దలు పెట్టింది. ఒకే సగలో ఇవ్వం, చేసుకోం. ఎవరూ దాన్ని అవమానం అనుకోరు. రక్తపరీక్షనూ అలాగే చూద్దాం. ఒకరు క్యారియర్, ఇంకొకరు మామూలు అయితే, బిడ్డకు సికిల్ సెల్ జబ్బు రాదు. ఇద్దరూ క్యారియర్లైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే అవకాశం ఉంది. మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి రెండో బిడ్డకు రాదు అనుకోవద్దు, ప్రతిసారీ లెక్క కొత్తగానే మొదలవుతుంది. అలాంటి జంట ముందే డాక్టరుతో మాట్లాడాలి. గర్భం తొలి నెలల్లోనే చేసే పరీక్షలున్నాయి. నిర్ణయం ఆ ఇద్దరిదే.

ఇంకో మాట. అమ్మాయికి ఒక్కదానికే పరీక్ష చేయించి, సంబంధం వద్దనడం అన్యాయం. ఇద్దరూ చేయించుకోవాలి. వచ్చిన ఫలితం వాళ్ల సొంతం, అది ఊరంతా చాటింపు వేసేది కాదు.

2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌ను మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ప్రారంభించింది. 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయడం, 2047 నాటికి జబ్బును నిర్మూలించడం లక్ష్యం. క్యాంపు మన గూడేనికి వచ్చినప్పుడు ఆశా అక్క పిలిచేదాకా ఆగకండి. ముందు మీరు వెళ్లండి, వెంట ఇంకో నలుగురిని తీసుకెళ్లండి. అవ్వలకు, తాతలకు మన గోండి మాటల్లో విడమరిచి చెప్పండి. ఆ పని మీరు చేసినంత బాగా ఏ పోస్టరూ చేయలేదు.

ఆ బాబు మళ్లీ బడికి పోతున్నాడు. పరీక్షకు వచ్చినప్పుడల్లా, "అన్నా, ఈసారి నా రక్తం ఎంతుంది?" అని తనే అడుగుతాడు. మన పిల్లలందరికీ ఆ ప్రశ్న అడిగే ధైర్యం రావాలి.

జై సేవా! జై జంగో, జై లింగో!