కేస్ షీటు ఎవరిది?

(బచ్చన్నపేటలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘంలో ఉపాధ్యాయులు, రెవెన్యూ వారు, కరెంటు వారు ఎక్కువ. ఆసుపత్రుల్లో పనిచేసి వచ్చిన నాలాంటి నర్సులం కొద్దిమందిమే. అయినా ఈ విషయం అందరిదీ అని ధైర్యంగా మాట్లాడుతున్నాను. బి.పి.కో షుగరుకో ఎక్కడో ఒక చోట కేస్ షీటు లేనివారు ఈ హాల్లో ఎవరున్నారు చెప్పండి!

ఈ మధ్య నర్సింగ్ చదివే పిల్లలు మా ఇళ్లకు వస్తున్నారు. ఎం.ఎస్సీ. నర్సింగ్‌లో పరిశోధన చేసి గ్రంథం సమర్పించనిదే పట్టా రాదు. "అమ్మా, మీ దగ్గర పాత రిజిస్టర్లున్నాయా? ఆసుపత్రిలో మీకు తెలిసినవాళ్లకు చెప్పి కేస్ షీట్లు చూపించండి" అని అడుగుతున్నారు. మాలో కొందరు "పాపం, చదువుకునే పిల్లలు, ఇస్తే పోయేదేముంది" అంటారు. మరికొందరు "అది రహస్యం, ముట్టుకోనివ్వద్దు" అంటారు. నాకు రెండూ సరిగా తోచలేదు.

ముందు, ఎందుకు ఇవ్వాలో చెబుతాను. మన ప్రాంతంలో మోకు జారి తాటిచెట్టు మీది నుంచి పడ్డ గీత కార్మికులను మీరంతా చూసే ఉంటారు. 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది, సంతోషం. కానీ అప్పటికే పడి, వెన్నుపూస దెబ్బతిని, కాళ్లు చచ్చుబడిన మనిషి సంగతేమిటి? ఆపరేషను డాక్టరు చేస్తారు. ఆ తర్వాత నెలల తరబడి అతన్ని కాపాడేది, చంపేది పడకపుండు. రెండు గంటలకోసారి పక్క తిప్పారా లేదా, మూత్రం గొట్టం ఎన్నాళ్లుంది, పుండు ఏ రోజు కనిపించింది, ఇవన్నీ రాసేది నర్సు. డాక్టరు రౌండులో నాలుగు మాటలు రాసి వెళితే, ఇరవై నాలుగు గంటల చరిత్ర ఉండేది నర్సుల నోట్సులో. వంద మంది నోట్సు పక్కపక్కన పెట్టి చూస్తే గాని, రాత్రి డ్యూటీలో ఒక్క నర్సు నలభై మంచాలు చూసిన వార్డులో పుండ్లు పెరిగాయో లేదో తేలదు. ఆ లెక్క లేకుండా "నర్సులు చాలరు" అని ఎన్ని వినతిపత్రాలు ఇచ్చినా అది మన గోడుగానే మిగులుతుంది.

ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను దీపం పట్టుకున్న అమ్మగానే మనకు పరిచయం చేశారు గాని, ఆమె లెక్కల మనిషి. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాలకంటే రోగాలతోనే ఎక్కువగా చనిపోయారని 1858లో రంగులు వేసిన పటంతో చూపించింది. ఆ పటంలో నెలలున్నాయి, కారణాలున్నాయి. ఒక్క సిపాయి పేరు లేదు.

ఇక జాగ్రత్త సంగతి. "పేరు కొట్టేసి ఇస్తాం కదా" అంటారు. హైదరాబాదులో అది కొంతవరకు చెల్లుతుందేమో, మన దగ్గర చెల్లదు. "పురుషుడు, 34 ఏళ్లు, గీత వృత్తి, బచ్చన్నపేట మండలంలో ఫలానా ఊరు, ఫలానా నెలలో చెట్టు మీది నుంచి పడ్డాడు" అని రాస్తే, పేరెందుకండీ? హోటల్లో చాయ తాగేవాడు కూడా ఎవరో చెబుతాడు. అదే షీటులో "మద్యం వాసన వచ్చింది" అన్న మాటో, ఇంకో జబ్బు మాటో ఉందనుకోండి. అది బయటికి పొక్కితే పరిహారం దగ్గర పేచీ, ఇంట్లో గొడవ, చెల్లెలి సంబంధం చెడిపోవడం. రెవెన్యూ మిత్రులకు ఒక పోలిక చెబుతాను. పహాణీలో పేరుంటేనే దానికి విలువ. పరిశోధనకిచ్చే కాగితంలో పేరుగానీ, పేరు పట్టిచ్చే గుర్తుగానీ ఉంటే అది చెడిపోయిన కాగితం.

మరి ఎలా ఇవ్వాలి? వయసు 34 అని కాకుండా 30-39 అని. ఊరు వద్దు, జిల్లా చాలు. ప్రమాదం జరిగిన తేదీ వద్దు, "చేరిన పన్నెండో రోజు పుండు కనిపించింది" అంటే చాలు. పేరుకు బదులు ఒక నంబరు, ఆ నంబరు ఎవరిదో తెలిపే పట్టీ వేరే బీరువాలో, వేరే మనిషి దగ్గర. పట్టికలో ఏదైనా గడిలో ఒకరో ఇద్దరో మిగిలితే దాన్ని పక్క గడిలో కలిపేయాలి. ప్రశ్నకు పనికిరాని వివరం అసలు రాసుకోనే కూడదు. పుండ్ల మీద పరిశోధనకు రోగి కులం ఎందుకు?

అనుమతి కూడా తెలిసిన సిస్టరమ్మ మాట మీద కాదు. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ప్రతిపాదన ముందు నైతిక సంఘానికి పోవాలి. ఆ సంఘానికి అధ్యక్షులు బయటి సంస్థవారై ఉండాలి. న్యాయం తెలిసినవారు ఒకరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి ఒకరు సభ్యులుగా ఉండాలి. రిటైరైన టీచర్లు ఈ పనికి పనికొస్తారు, ఆలోచించండి. పాత కేస్ షీట్ల రోగులందరినీ వెతికి సంతకాలు తేవడం కుదరనప్పుడు, రోగికి ముప్పు లేదనుకుంటే సమ్మతి నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం ఆ సంఘానిది. పరిశోధకురాలిది కాదు, హెడ్ నర్సుది కాదు.

సంతకం ఎవరు పెట్టాలన్నది చిన్న విషయం అనుకోకండి. మన మహబూబాబాద్ పక్కనే ఉన్న ఖమ్మం జిల్లాలో 2009లో సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా ఇచ్చారు. 2010 ఏప్రిల్‌లో అది ఆగిపోయింది. టీకా మంచిచెడ్డలు వేరే చర్చ. ఎంతోమంది పిల్లల సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టారని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తప్పుపట్టింది. వార్డెన్లు చెడ్డవాళ్లని నేను అనను. పైనుంచి చెప్పారు, పెట్టారు. మనమూ సర్వీసులో అట్లాంటి సంతకాలు పెట్టమంటే ఏం చేసేవాళ్లమో!

ఇప్పుడు బీరువాలతో పోయేది కూడా కాదు. 2022 మార్చిలో ములుగు, రాజన్న సిరిసిల్ల జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలు కంప్యూటరుకెక్కించడం మొదలుపెట్టారు. అదే ఏడాది నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దాడి జరిగి, రోజుల తరబడి చేత్తో రాసుకుని పని నడిపారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. ఆ కేసు వేసిన పుట్టస్వామి గారు మనలాగే రిటైర్డ్ మనిషి, కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా చేశారు. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 86 ఏళ్లు. రిటైరైనాక చేయడానికి పనేముంది అనేవాళ్లు ఇది వినాలి. తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని నియమాలు వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. పరిశోధనకు అందులో సడలింపు ఉంది గాని, ఆ సమాచారంతో ఒక వ్యక్తి మీద నిర్ణయం తీసుకోకూడదు. కాగితం మీద రాసి తర్వాత కంప్యూటరుకెక్కించింది కూడా ఆ చట్టం కిందికి వస్తుంది. కాబట్టి పిల్లలు ఫోను తీసి "ఒక్క పేజీ ఫోటో తీసుకుంటానమ్మా" అన్నప్పుడు ఒద్దనండి. ఆ ఫోటో సాయంత్రానికి ఏ గ్రూపులో ఉంటుందో వాళ్లకే తెలియదు.

చివరిగా మా ఏ.ఎన్.ఎం. చెల్లెళ్లకు, హెల్త్ సూపర్‌వైజర్లకు ఒక మాట. మీ ఇళ్లలో పాత డైరీలున్నాయని నాకు తెలుసు. వాటిలో కాన్పులు, ఆపరేషన్లు, ఎవరికీ చెప్పని గర్భస్రావాలు, టి.బి. మందులు తిన్నవారి పేర్లు, అన్నీ ఉన్నాయి. అవి పాత పేపర్లవాడికి అమ్మితే రేపు అంగడిలో పల్లీల పొట్లమవుతాయి. పిల్లల చేతికిస్తే అంతకంటే దూరం పోతాయి. కాల్చేస్తే ముప్పై ఏళ్ల లెక్క బూడిదవుతుంది. ప్రభుత్వ రిజిస్టర్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు గారికి రశీదు తీసుకుని అప్పగించండి. సొంత డైరీలున్నవారు సభ అయ్యాక నాకు చెప్పండి. పేర్లు లేకుండా అంకెలు మాత్రం ఎట్లా దించి ఉంచాలో ఒక రోజు కూర్చుని చూసుకుందాం. అట్టలు, గీతలు కొట్టిన కాగితాలు నేను తెస్తాను, కళ్లద్దాలు మీరు తెచ్చుకోండి.