సోదరుల తగవు, సంఘపు తీర్పు

ఎవరి స్మృత్యర్థము ఈ ఉపన్యాసము ఏర్పడినదో ఆ పెద్దాయన తన యింటి అరుగుమీద కూర్చుండి ఎన్నో తగవులు తీర్చినవారని మీరే చెప్పుదురు గనుక, విషయమును నేను వేరొకచోట వెదకవలసిన పని లేకపోయెను.

ఆలాపల్లినుండి సిరొంచకు పోవు దారిలోనున్న ఈ జిమల్‌గట్టలో అన్నదమ్ములిద్దరి పొలముల నడుమ గట్టుమీద ఒక ఇప్పచెట్టు ఉన్నదనుకొనుడు. మొదలు అన్నవైపు, కొమ్మలు తమ్మునివైపు. ఎండలు ముదురుచుండగా తెల్లవారకముందే పూలు రాలును. అన్నభార్య బుట్ట పట్టుకొని వచ్చునప్పటికి తమ్ముని పిల్లలు ఏరుకొని పోయియుందురు. మాట మాట పెరిగి, గట్టు కొలతకు పోయి, తండ్రినాటి పంపకము తిరుగదోడబడి, తుదకు ఇద్దరును ఆదివారమున గుడిలో చెరియొక గోడను ఆనుకొని కూర్చుందురు. వారు కోర్టుకెక్కినచో కాగితములు మరాఠీలో నడచును, తగవు తెలుగులోనిది, ఇంటిలోని ముసలితల్లి ఏడ్పు గోండీలోనిది. జిల్లా కేంద్రమైన గడ్చిరోలి ఇక్కడికి నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. వాయిదాకు వాయిదాకు పోవు బస్సు ఖర్చులకు ఆ యేటి తునికాకు కూలి చాలదు.

కొరింథులోని విశ్వాసులు ఇట్టి వ్యవహారములనే పట్టుకొని నగర న్యాయపీఠముల నాశ్రయించినప్పుడు, అన్నదమ్ముల నడుమ తీర్పు చెప్పగల బుద్ధిమంతుడు మీలో ఒక్కడైనను లేడాయని పౌలు వారిని సిగ్గుపరచెను. నష్టమును ఓర్చుకొనుట మేలు కాదా అనియు అడిగెను. ఈ రెండవ ప్రశ్నను మన సంఘములలో తరచుగా తప్పు మనిషికి వినిపించుచున్నాము. భర్త పోయి, బావల, మరుదుల చేతిలో పొలము పోగొట్టుకొన్న స్త్రీ పెద్దలయొద్దకు వచ్చినప్పుడు, అమ్మా, ఓర్చుకొనుము, ప్రభువు చూచుకొనునని పంపివేయుదుము. పౌలు ఆ మాట నెవరితో అనెనో తరువాతి వాక్యమే తెలుపుచున్నది: అన్యాయము చేయుచున్నదియు, అపహరించుచున్నదియు మీరేయని ఆయన వ్యాజ్యమాడువారిని గద్దించెను. ఓర్చుకొనుమని అడుగదగినది విడిచిపెట్టుటకు చేతిలో ఏదైన ఉన్నవానినే. ఉన్నది పోగొట్టుకొన్నవారికి చెప్పవలసిన మాట అది కాదు. ఈనాడు నేను చెప్పవచ్చినదంతయు ఇదే.

తొలి సంఘము ఈ పనిని ఎంత జాగ్రత్తతో చేసినదో చూడుడు. మూడవ శతాబ్దమున సిరియాలో పుట్టిన దిదస్కాలియా అను సంఘ నియమగ్రంథము తగవులను సోమవారమున వినవలెనని బిషపులకు విధించినది. ఎందుకనగా, తీర్పు నచ్చనివాడు ఎదురాడినను ఆదివారము వచ్చునప్పటికి ఇరువురికిని సమాధానము కుదుర్చుటకు దినములు మిగిలియుండును. ఒకే పక్షపు మాట విని తీర్పు చెప్పరాదనియు, ఇరువురును ఎదురెదురుగా నిలువవలెననియు ఆ గ్రంథము నొక్కి చెప్పినది. 430లో మరణించిన హిప్పో బిషపు అగస్టీను పొలముల తగవులను, వారసత్వపు తగవులను వినుచు కొన్నినాళ్లు భోజనవేళవరకును, కొన్నినాళ్లు ఉపవాసముతో దినమంతయు కూర్చుండెడివాడని ఆయన శిష్యుడు పొస్సీదియుసు వ్రాసియుంచెను. గ్రంథరచనకు కావలసిన కాలమును ఈ తగవులు హరించుచున్నవని ఆయనకు బాధ. అయినను ఆ పీఠమును విడువలేదు.

మన తెలుగుదేశపు సంఘములలో తగవులు చిన్నవిగా నిలువలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులలో పెక్కుమంది ఆ ఐక్యములో చేరక నిలిచిరి. 1975లో గాని నంద్యాల అధ్యక్ష ఖండము దానిలో కలియలేదు. కాలము పట్టినను అది కలయికతో ముగిసినది. అదే సంఘపు సినడు పాలనకై 2024లో మద్రాసు హైకోర్టు ఇద్దరు విశ్రాంత న్యాయమూర్తులను నియమించుటయు, వ్యాజ్యము సుప్రీంకోర్టుదాక పోవుటయు చూచినప్పుడు, సంఘపు పై పెద్దలు మనకు మేలుబంతులు కాజాలరని దుఃఖముతో చెప్పవలసియున్నది.

సంఘము చేయరాని తీర్పులును కలవు. సంఘ న్యాయస్థానము ఇచ్చిన వివాహరద్దు దేశపు చట్టము ముందు చెల్లదని 1996లో మోలీ జోసెఫ్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు నిర్ణయించినది. అంతకంటె గట్టిగా చెప్పవలసినది వేరొకటి కలదు. భార్యను కొట్టినవానిని, బిడ్డను చెరచినవానిని పెద్దలు నాలుగు గోడల నడుమ మందలించి, సంఘపు పరువు దక్కినదని తృప్తిపడుట తీర్పు కాదు, నేరమునకు నీడ పట్టుట. అట్టివారి సంగతి ఆ దినమే పోలీసులకు చెప్పవలెను.

భూమి, బాకీ, నింద, గట్టు, చెట్టు: ఇవి మనము తీర్చుకొనదగినవి. ఈ జిల్లాలోనే ధానోరా తాలూకాలోని మేండా-లేఖా గ్రామము వోట్లు లెక్కింపక, అందరును ఒప్పుకొనువరకు కూర్చుండి నిర్ణయించుకొను పద్ధతికి పేరుపొందినది. ఆదివాసుల తగవు తీర్పు ఆచారములను గ్రామసభ కాపాడుకొనవచ్చునని 1996 నాటి పీసా చట్టము అంగీకరించినది. మన సంఘములలో పెక్కు కుటుంబములు గోండు, మాడియా కుటుంబములే గదా. కూర్చుండి తేల్చుకొను ఓర్పును మనము దూరమునుండి అరువు తెచ్చుకొననక్కరలేదు.

కాబట్టి పెద్దలకు నా మనవి యిది. తగవును సోమవారమున వినుడు. బలహీనపక్షము మాటను మొదట వినుడు. పెద్దల వరుసలో స్త్రీలు ఇద్దరైనను కూర్చుండవలెను. తీర్పు చెప్పువాడు ఏ పక్షమునకైనను చుట్టమో, అప్పిచ్చినవాడో అయినచో ఆ పూటకు లేచిపోవలెను. ఒప్పుదలను తెలుగులో వ్రాసి, అవసరమైనచో గోండీలో చదివి వినిపించి, చెరియొక ప్రతి ఇయ్యవలెను. ఎవరు ఏమి తిరిగి ఇయ్యవలెనో, ఏనాటిలోగానో అందులో ఉండవలెను. అది నచ్చనివానికి కోర్టు తలుపు తెరిచియే యుండును. దానికై వానిని ప్రభువు బల్లనుండి వెలివేయరాదు. ఈ యేటి పూలు రాలుచుండగనే ఆ అన్నదమ్ములను పిలిపించుడు, వారి భార్యలతో సహా.