మెమో రాసే ముందు కంచం చూడండి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, నేను డాక్టరును కాను కదా అన్నాను. ముప్పయ్యారేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసినవి ఫైళ్లు. అయితే ఆ ఫైళ్లలోనే ఒకటి నాకు ఆరోగ్యపాఠం నేర్పింది. అది చెప్పి కూర్చుంటాను.

1976లో నేను పాలమూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రంలో పనిచేస్తున్నాను. సర్వీసులో చేరి నాలుగేళ్లయింది. ఎస్టాబ్లిష్‌మెంటు సీటు నాది. మా ఆఫీసులో ఒక అటెండరు ఉండేవారు. అప్పట్లో అందరం "ఏమయ్యా" అనే పిలిచేవాళ్లం. నాకంటే పదిహేనేళ్లు పెద్ద గనుక ఇప్పుడు "ఆయన" అంటున్నాను. ఏ బీరువాలో ఏ కట్ట ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవారు. కూతురి పెళ్లికి అప్పు చేసి, ఇంటివాళ్లను ఊళ్లో ఉంచి, తానొక్కరే చిన్న గది తీసుకుని ఉండేవారు. పొద్దున జొన్న గట్క, రాత్రి జొన్న గట్క. నంజుకోవడానికి ఇంత కారం, ఎప్పుడైనా పచ్చిపులుసు. పప్పు లేదు, పాలు లేవు. జీతమంతా అప్పుకే పోయేది.

ఏడాది తిరిగేసరికి మనిషి మారిపోయారు. ఇచ్చిన కాగితం ఎక్కడ పెట్టారో మరచిపోయేవారు. ఒక మాటంటే కసురుకునేవారు, మరుక్షణం కంటతడి పెట్టేవారు. కోర్టుకు ఇవ్వవలసిన కవరు ఒకటి రెండు రోజులు చొక్కా జేబులోనే ఉండిపోయింది. చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ చర్మం నల్లబడి పొలుసులు లేచింది. తాగుతున్నాడని ఒకరు, గాలి సోకిందని ఒకరు, కుష్ఠురోగమని ఇంకొకరు. ఆయన చేతి మంచినీళ్లు తాగడం అందరూ మానేశారు. నేనూ మానేశాను.

మెమో డ్రాఫ్టు చేసింది నేనే. విధి నిర్వహణలో నిర్లక్ష్యం, పై అధికారి పట్ల అవిధేయత. సంజాయిషీ తృప్తికరంగా లేదు గనుక ఒక ఇంక్రిమెంటు నిలుపుదల, విత్ క్యుములేటివ్ ఎఫెక్ట్. ఈ హాల్లో కూర్చున్నవారికి ఆ చివరి మూడు మాటల బరువు విప్పి చెప్పనక్కరలేదు.

మూడు నెలలకు విరేచనాలు పట్టుకుని ఆయన మంచాన పడ్డారు. భార్య వచ్చి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు చేతులు చూసి, మెడ చూసి, అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తింటున్నావు?" అని. ఏడాది పాటు పక్కనే ఉండి మాలో ఒక్కరమూ అడగని ప్రశ్న అది.

ఆ జబ్బు పేరు పెల్లాగ్రా. నియాసిన్ అనే బి విటమిను లోపం వల్ల వస్తుంది. ఎండ తగిలే చోట చర్మం చెడుతుంది, కడుపు చెడుతుంది, చివరకు మతి చెడుతుంది. పట్టించుకోకపోతే ప్రాణం పోతుంది. ఆయనకు మాత్రలిచ్చి, పప్పు, పాలు, వేరుసెనగలు తినమన్నారు. నెలన్నరలో మా పాత అటెండరు మాకు తిరిగి వచ్చారు. కసురు పోయింది, మరపు పోయింది. అంటే మేము శిక్షించింది ఆయన స్వభావాన్ని కాదు, ఆయన కంచంలోని కొరతను.

తరువాత కుతూహలం కొద్దీ చదివి తెలుసుకున్నాను. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మొక్కజొన్న తిని బతికే పేదలకు ఈ జబ్బు వేలాదిగా వచ్చేది. మతి చెడి పిచ్చాసుపత్రుల్లో చేరినవారు ఎందరో. అది అంటురోగమనే చాలామంది నమ్మారు. 1914లో ప్రభుత్వం పంపిన గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు, అంటురోగం కాదు, తిండిలోని లోపమని నిరూపించాడు. ఆ లోపం తీర్చే పదార్థం ఏదో 1937లో ఎల్వెజెమ్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. మన దగ్గర జొన్న తినే పేదలలో ఈ వ్యాధిని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ సి. గోపాలన్ గారు, వారి సహచరులు పరిశోధించారు. జొన్నలో లూసిన్ అనే అంశం ఎక్కువగా ఉండటం కూడా ఒక కారణం కావచ్చునని వారు ప్రతిపాదించారు. ప్రజల తిండిలో నాలుగు రకాలు చేరిన కొద్దీ ఆ జబ్బు మన వైపు బాగా తగ్గిపోయింది.

ఇది విని ఇంట్లో జొన్నరొట్టె మానేయకండి. తప్పు జొన్నది కాదు, జొన్న తప్ప మరొకటి లేకపోవడానిది. రొట్టె పక్కన పప్పు, ఆకుకూర, పెరుగు ఉంటే అది నిక్షేపమైన భోజనం.

ఇందులో ఆచారం పాత్ర కూడా చూడండి. మొక్కజొన్న పుట్టిల్లు మెక్సికో ప్రాంతం. అక్కడివారు అనాదిగా ఆ గింజను సున్నపు నీళ్లలో ఉడికించి వాడతారు. అలా చేస్తే గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ ఒంటికి పడుతుంది. యూరపు వాళ్లు గింజను తెచ్చుకున్నారు గాని సున్నపు నీళ్ల ఆచారాన్ని అక్కడే వదిలేశారు. జబ్బు వాళ్లను పట్టుకుంది. అలాగని ప్రతి ఆచారమూ మేలు చేస్తుందనుకోకండి. మా ఇళ్లలో వెనక ఆడవాళ్లు అందరి తరువాత, మిగిలింది తినేవారు. భర్త పోయిన మా మేనత్తకు ఒంటిపూట భోజనమే. ఆమెది నోరు మంచిది కాదని ఊరంతా అనేది. ఆ నోట్లోకి ఏం వెళుతోందో ఎవరూ చూడలేదు.

ఇక నా సంగతి. 2008లో రిటైరయ్యాను. ఆ ఏడాదే షుగరు వచ్చింది. పదేళ్లు మెట్‌ఫార్మిన్ మాత్ర, తోడుగా గ్యాస్ మాత్ర. మాది శాకాహారం. కొవ్వని పాలు, పెరుగు కూడా మానేశాను. 2018 నాటికి అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు. పాల లెక్క రెండుసార్లు తప్పాను. కళ్లజోడు దాచిందని కోడలి మీద కేకలేశాను. అది నా నెత్తి మీదే ఉంది. మా ఆవిడ "వయసు మీద పడింది, ఏం చేస్తాం" అంది. కోడలు మాత్రం, "మామయ్యా, మీరు ఇలాంటివారు కాదు, రక్తం చూపిద్దాం పదండి" అంది. బి12 విటమిను బాగా తక్కువని తేలింది. సూదులు వేశారు. కొన్ని నెలల్లో తల తేరుకుంది. తిమ్మిరి కొంత మిగిలింది.

నేను ఆయనకు మెమో ఇచ్చాను. మా కోడలు నాకు మెమో ఇవ్వలేదు, డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. తేడా అంతే.

అందుచేత మీకు నా మనవి. బి12 పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలో ఉంటుంది, కూరగాయల్లో ఉండదు. వయసు మీరితే దాన్ని ఒంటికి పట్టించుకునే శక్తి తగ్గుతుంది. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారు ఒకసారి పరీక్ష చేయించుకోండి. నా మాట విని ఏ మాత్రా మానవద్దు, ఏదీ సొంతంగా మొదలుపెట్టవద్దు, డాక్టరును అడగండి. ఇంట్లో పెద్దవారు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడితే మతి పోయిందని వదిలేయకండి. షుగరు పడిపోవచ్చు, ఒంట్లో సోడియం తగ్గవచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి. థైరాయిడ్ తగ్గినా మనిషి మందగిస్తాడు. ఒంటరిగా ఉండే పెన్షనర్లు "నా ఒక్కడికీ వంటెందుకు" అని టీ బిస్కెట్లతో పూట గడపవద్దు.

చివరిగా ఒక్కమాట. మా అటెండరు కోలుకుని వచ్చాక, ఆ శిక్ష రద్దు చేయమని నోటు పుటప్ చేద్దామనుకున్నాను. మూసిన ఫైలు తెరవవద్దని పైనుంచి మాట వచ్చింది. ఊరుకున్నాను. ఆ కోత ఆయన పెన్షను దాకా వెంట నడిచింది. రిటైరయ్యాక ఒకసారి బస్టాండులో కనబడి, "బాగున్నరా సారూ" అని ఆయనే ముందు పలకరించారు. నాకు మాట పెగల్లేదు. ఆయన ఇప్పుడు లేరు. రాయని ఆ నోటు నా పేర పెండింగులోనే ఉంది. ఈ నాలుగు మాటలు దానికి బదులు కావు. అయినా మీ ముందు పెట్టుకున్నాను.