పలక మీద మొదటి గీత
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు మమ్ములను కోరారు. కాలేజీల గురించి, ఉద్యోగాల గురించి చెప్పగల పెద్దలు ఇక్కడే ఉన్నారు. మేము ఉర్దూ మీడియం బడిలో చిన్నపిల్లల పంతుళ్లం. మాకు తెలిసింది పలక, బలపం. కనుక అక్కడి నుంచే మొదలు పెడతాం.

మన ఇళ్లలో పిల్లవాడికి నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చేయటం ఆనవాయితీ. పక్కింటి హిందూ సోదరులు పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టించి అక్షరాభ్యాసం చేస్తారు. రెండిళ్లలోనూ మిఠాయి పంచుతారు. మర్నాటి నుంచి రెండిళ్లలోనూ ఒకటే కేక: "రాస్తవా, వీపు పగలాల్నా?" తీపితో మొదలైన చదువు మూడో రోజుకే చేదయిపోతున్నది.

మన పిల్లల కష్టం ఇంకొంచెం ఎక్కువ. ఇంట్లో అమ్మీతో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, బజార్లో తెలుగు. పాల్వంచ దాటి భద్రాచలం వైపు పోతే ఆటల్లో కోయ మాటలు కూడా కలుస్తాయి. మాటలకు ఇబ్బంది లేదు, పసివాళ్లు మూడు భాషలైనా మింగేస్తారు. ఇబ్బందంతా రాతతోనే. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోవాలి, తెలుగు ఎడమ నుంచి కుడికి పోవాలి. పైగా ఉర్దూలో అంకెలు వచ్చేసరికి మళ్లీ ఎడమ నుంచి కుడికే! మనకు అలవాటై తెలియటం లేదు గాని, అయిదేళ్ల పసివాడికి ఇది చిన్న సంగతి కాదు.

ఇక్కడ మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. సుమారు ఇరవై ఏళ్ల కిందట, మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక పిల్లవాడు 'అ'ను అద్దంలో చూసినట్టు తిరగేసి రాసేవాడు. జీమ్ పొట్ట ఎడమకు ఉండాల్సింది కుడికి తిప్పేవాడు. వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టాం. అందరి ముందు మొద్దు అన్నాం. ఆ ఏడు మిరప కోతలకు తల్లి వెంట పోయినవాడు మళ్లీ బడికి రాలేదు. మేమూ వెతకలేదు. రెండేళ్ల కిందట ఒకాయన కూతుర్ని చేర్పించటానికి వచ్చాడు. దరఖాస్తు మీద సంతకం చేయమంటే ఇంకు ప్యాడ్ అడిగాడు. అప్పుడు గుర్తుపట్టాం. "ఎటు దిక్కు నుంచి మొదలుపెట్టాల్నో నాకు అప్పుడూ తెల్వలే, ఇప్పుడూ తెల్వదు సార్" అని నవ్వాడు. మేము నవ్వలేకపోయాం.

అసలు సంగతి ఏమంటే, తిరగేసి రాయటం మొద్దుతనం కాదు. గరిటె కాడ ఎటు తిరిగి ఉన్నా అది గరిటే. మేక ఎటు తిరిగినా మేకే. పుట్టిన నాటి నుంచి పిల్లవాడి మెదడు నేర్చుకున్న పాఠం ఇది. అక్షరం ఒక్కటే ఎటు తిరిగితే అటు మారిపోయే వింత వస్తువు. ఆ కొత్త పాఠం తలకెక్కటానికి వ్యవధి పడుతుంది. అయిదారేళ్ల వయసులో చాలామంది పిల్లలు అట్లాగే రాస్తారనీ, సాధన మీద అదే సర్దుకుంటుందనీ మెదడును పరిశీలించిన శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. మణికట్టు ఎముకలు కూడా ఆ వయసుకు పూర్తిగా గట్టిపడవు. దెబ్బ వేస్తే ఎముక ముదురుతుందా?

ఆ తర్వాత మేము పద్ధతి మార్చుకున్నాం. తల్లిదండ్రులు ఇంట్లో చేయదగినవే చెబుతాం.

మొదట చేతికి పని చెప్పాలి. బంకమట్టితో ఉండలు చేయటం, చింతగింజలు ఏరటం, ఇసుకలో వేలితో సున్నలు చుట్టటం. మరియా మాంటిస్సోరి అనే విదుషీమణి 1939లో మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లలచేత వేలితో తడిమించటం ఆమె పద్ధతి. గరుకు కాగితం లేకపోతే మనకు గోదావరి ఇసుక ఉన్నది, పైసా ఖర్చు లేదు.

రెండవది, పోలిక ఉన్న అక్షరాలను కలిపి నేర్పాలి. బే, పే, తే, సే ఒకే పడవ, నుఖ్తాలే మారతాయి. పడవ గీయటం వస్తే నాలుగూ వచ్చినట్టే. తెలుగులో వ వస్తే మ దగ్గరవుతుంది, ప వస్తే ష, ఫ దగ్గరవుతాయి. వరుస నోటికి రానివ్వండి, చేతికి మాత్రం తేలికది ముందు ఇవ్వండి.

మూడవది, రెండు లిపులనూ ఒకే వారంలో మొదలు పెట్టవద్దు. ఒకదానిలో చేయి కుదిరాక రెండోది పట్టించండి. పలక అంచున ఒక చింతగింజ పెట్టండి: ఉర్దూకు కుడివైపు, తెలుగుకు ఎడమవైపు. పిల్లవాడు గింజను ముట్టుకొని అక్కడి నుంచి రాత మొదలు పెట్టాలి. కొన్నాళ్లకు గింజ అక్కర ఉండదు.

నాలుగవది కొందరికి నచ్చకపోవచ్చు. ఎడమ చేత్తో బలపం పట్టే పిల్లవాడి చేయి కట్టేయకండి. తినటం కుడి చేత్తో నేర్పుదాం, అది మన మర్యాద. రాత మాత్రం వాడికి ఏ చేత్తో వస్తే ఆ చేత్తోనే రాయనివ్వండి.

అమ్మ భాషలో మొదలైన చదువే నిలుస్తుంది. 2004లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకు కోయ మొదలైన ఎనిమిది భాషల్లో పాఠాలు ప్రారంభించినప్పుడు ఆలోచన ఇదే. కోయ మాటను తెలుగు లిపిలో రాసి నేర్పారు. మూడో తరగతి ముగిసేలోపు ప్రతి బిడ్డకూ చదవటం, రాయటం రావాలని కేంద్రం 2021లో నిపుణ్ భారత్ పెట్టింది, మన తెలంగాణలో 2022లో తొలిమెట్టు వచ్చింది. పథకాలు మంచివే. కాని మిరప చేలో ఉన్న పిల్లవాడి దగ్గరకు పథకం తనంతట తాను నడిచిపోదు.

అందుకే సంఘానికి మా మనవి ఒక్కటే. కోతల కాలంలో, తునికాకు కాలంలో సాయంత్రం ఒక గంట, ఒక గది, ఒక దీపం, పది పలకలు ఇవ్వండి. చదువు వచ్చిన తల్లులు ఇద్దరు వచ్చి కూర్చుంటే చాలు. పాఠం చెప్పే పూచీ మాది.

ఆ తండ్రి కూతురు మొన్న పలక మీద తన అబ్బా పేరు రాసింది. ఆయన్ను పిలిపించి చూపించాం. చాలాసేపు పలక పట్టుకొని నిలబడ్డాడు. చింతగింజ ఎటువైపు పెట్టాలో ఆ పిల్లే ఆయనకు చెప్పింది. ఇప్పుడు సాయంత్రాలు ఆయన కూడా వస్తున్నాడు.